మీ ప్రశ్నలు, మా సమాధానాలు: నాడీకణం పుట్టే చోటు, పుట్టే వేళ

పోయిన నెల సంచికలో నాడీ మూలకణాల గురించి వేసిన చిన్న వ్యాసంలో, మెదడులోని నాడీకణాలన్నీ గర్భస్థ దశలో ఒక సన్నని గొట్టం గోడలో ఉండే మూలకణాల నుంచే పుడతాయని రాశాము. ఆ వాక్యాన్ని పట్టుకుని నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు చాలా ఉత్తరాలు పంపారు. వాటిలో నాలుగింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా ప్రయోగశాలలో 33 గంటల కోడిపిండం స్లైడును సూక్ష్మదర్శిని కింద చూశాను. తల వైపు మూడు ఉబ్బులు, వాటి వెనుక సన్నని గొట్టం తప్ప నాకేమీ కనిపించలేదు. మనిషి మెదడు కూడా ఇలాంటి గొట్టంగానే మొదలవుతుందని మా మేడమ్ చెప్పారు. అంత పలచని గోడలోంచి అన్ని వేల కోట్ల నాడీకణాలు ఎలా వస్తాయి? ఏ కణం ఎక్కడికి పోవాలో దానికి ఎలా తెలుస్తుంది?
(బి.ఎస్సీ. విద్యార్థిని, కావలి)

సమాధానం: మీరు చూసిన స్లైడులోనే సగం సమాధానం ఉంది. ఈసారి ప్రయోగశాలకు వెళ్లినప్పుడు, ఆ వయసు పిండాన్ని అడ్డంగా కోసిన స్లైడు ఉంటే అడిగి తీసుకుని, పెద్ద కటకం కింద గొట్టం గోడను నిదానంగా చూడండి. గోడ మందమంతా కణకేంద్రకాలు నాలుగైదు వరుసలుగా పేర్చినట్లు కనిపిస్తాయి. నిజానికి అక్కడ ఉన్నది ఒకే వరుస కణాలు. ఒక్కొక్క కణం గొట్టం లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా సన్నగా సాగి ఉంటుంది, దాని కేంద్రకం మాత్రం ఒకచోట నిలవదు. డీఎన్‌ఏను రెట్టింపు చేసుకునేటప్పుడు బయటి అంచు వైపు ఉంటుంది, విభజన వేళకు లోపలి అంచుకు దిగి వస్తుంది. అందుకే క్రోమోజోములు ముద్దలుగా కనిపించే కణాలు, అంటే విభజన మధ్యలో ఉన్నవి, ఎప్పుడూ గొట్టం బోలును ఆనుకునే ఉంటాయి. కేంద్రకాల ఈ రాకపోకలను సావర్ అనే శాస్త్రవేత్త 1935లోనే, కదలని స్లైడులను చూసి ఊహించి చెప్పాడు. తరువాతి ప్రయోగాలు ఆయన చెప్పినదే నిజమని తేల్చాయి.

ఈ కణాలే నాడీ మూలకణాలు. మొదట్లో అవి నాడీకణాలను తయారు చేయవు. ఒకటి రెండు, రెండు నాలుగుగా తమలాంటి వాటినే పెంచుకుంటాయి. మొలగొలుకులు పండించిన నెల్లూరు రైతు ఎంత ఇబ్బందిలో ఉన్నా విత్తనపు వడ్ల జోలికి పోయేవాడు కాడు, ఎందుకంటే ఈ ఏడు అవి తినేస్తే వచ్చే ఏడు మడి బీడే. పిండంలోని మెదడూ సరిగ్గా ఆ జాగ్రత్తే పాటిస్తుంది. మూలకణాలు తగినంతగా పెరగకముందే నాడీకణాలుగా మారిపోతే విత్తనం తరిగి, మెదడు చిన్నదిగా మిగిలిపోతుంది. పుట్టుకతోనే తల చిన్నదిగా ఉండే వ్యాధికి కారణమైన జన్యువులలో చాలా వాటి పని ఈ మూలకణాల విభజనను నడపడమేనని తేలింది. 2015, 2016 సంవత్సరాలలో బ్రెజిల్‌లో జికా వైరస్ సోకిన తల్లులకు చిన్న తలలతో బిడ్డలు పుట్టడానికి కూడా, ఆ వైరస్ గర్భంలోని నాడీ మూలకణాలలోకి చొరబడి వాటిని చంపడమే ముఖ్య కారణం.

తగినంత విత్తనం సమకూడాక విభజన తీరు మారుతుంది. తల్లి కణం చీలినప్పుడు ఒక పిల్ల తల్లిలాగే మూలకణంగా ఉండిపోతుంది, రెండోది నాడీకణం కావడానికి బయలుదేరుతుంది, లేదా మరొకటి రెండుసార్లు చీలి ఆ తరువాత నాడీకణాలవుతుంది. ఈ దశలోని మూలకణాలను రేడియల్ గ్లియా అంటారు. వీటి కథను కాస్త ఆగి చెప్పాలని ఉంది, ఎందుకంటే మా తరం అధ్యాపకులు విద్యార్థులకు చెప్పిన పాఠాన్ని ఇక్కడే దిద్దుకోవలసి వచ్చింది. 1972లో పాష్కో రాకిచ్ కోతి పిండాల మెదళ్లను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, కొత్తగా పుట్టిన నాడీకణాలు ఈ రేడియల్ గ్లియా పొడవాటి పోగులను పట్టుకుని పైకి పాకుతున్నాయని చూపించాడు. అది నిజమే. కాని ఆ తరువాత దాదాపు ముప్పై ఏళ్లపాటు ఆ కణాలను నాడీకణాలు ఎక్కి పోవడానికి వేసిన నిచ్చెనలుగానే చదువుకున్నాము, అలాగే చెప్పాము. 2000, 2001 సంవత్సరాలలో జర్మనీలో మగ్దలేనా గోట్జ్ బృందం, అమెరికాలో ఆర్నాల్డ్ క్రీగ్‌స్టైన్ ప్రయోగశాలలో స్టీఫెన్ నాక్టర్, ఆ నిచ్చెనే తల్లి అని నిరూపించారు. నాక్టర్ ఒక్కొక్క రేడియల్ గ్లియా కణంలోకి ఆకుపచ్చగా వెలిగే ప్రోటీను జన్యువును వైరస్ ద్వారా పంపి, మెదడు ముక్కను సజీవంగా ఉంచి గంటల తరబడి గమనించాడు. వెలుగుతున్న కణం చీలింది. పుట్టిన పిల్ల తన తల్లి పోగునే పట్టుకుని పైకి పాకింది.

పాకిన కణాలు ఎక్కడ ఆగుతాయన్నది మరో విశేషం. మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో ఆరు అంతస్తులు ఉంటాయి. ముందు పుట్టిన నాడీకణాలు అడుగు అంతస్తులలో స్థిరపడతాయి, తరువాత పుట్టినవి వాటి మధ్యనుంచే దాటుకుంటూ పోయి పై అంతస్తులలో కూర్చుంటాయి. ఏంజివైన్, సిడ్‌మన్ 1961లో ఎలుకలలో ఈ క్రమాన్ని కనిపెట్టారు. పైన ఉండే ప్రత్యేక కణాలు రీలిన్ అనే ప్రోటీనును వెలువరిస్తేనే ఈ వరుస కుదురుతుంది. అది లేని ఎలుకలలో అంతస్తులు తారుమారవుతాయి, ఆ ఎలుకలు తూలుతూ నడుస్తాయి కూడా. కార్టెక్స్‌లోని నాడీకణాలన్నీ ఇలా కింది నుంచి పైకి వచ్చినవే అనుకోవద్దు. ఉత్తేజాన్ని అదుపు చేసే నాడీకణాలలో చాలా భాగం మెదడు అడుగున వేరే చోట పుట్టి, అడ్డంగా చాలా దూరం వలస వచ్చి వీటిలో కలుస్తాయి.

ఇక ఏ కణం విత్తనంగా మిగలాలి, ఏది నాడీకణం కావాలి అన్న విషయం చాలామటుకు ఇరుగుపొరుగును బట్టి తేలుతుంది. నాడీకణం కాబోయే కణం తన ఉపరితలం మీద డెల్టా అనే ప్రోటీనును ఎక్కువగా చూపుతుంది. అది పక్క కణం మీది నాచ్ అనే గ్రాహకాన్ని తాకితే, ఆ పక్క కణం కొంతకాలం మూలకణంగానే ఉండిపోతుంది. గొట్టం పైకప్పు నుంచి, అడుగు నుంచి వేరువేరు రసాయనాలు ఊరుతూ, వాటి పాళ్లను బట్టి ప్రతి కణానికి తాను ఎక్కడ ఉన్నదీ తెలుస్తుంది. ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో శుభా తోలే బృందం 2008లో ఎలుకలపై చేసిన పరిశోధన ఈ విషయంలో ఎంతో విలువైనది. ఎల్‌హెచ్‌ఎక్స్2 అనే ఒక్క జన్యువు పనిచేయకపోతే, కార్టెక్స్ కావలసిన కణాలు ఆ దారి వదిలి, తమ పక్కవాటిని హిప్పోకాంపస్‌గా మారమని పురమాయించే కణాలవుతాయని వారు చూపించారు. హిప్పోకాంపస్ అంటే జ్ఞాపకాలకు ఆయువుపట్టు వంటి భాగం.

గర్భంలోని మనిషి మెదడు ఎలా ఉంటుందో చూడాలనుకుంటే మీరు దూరదేశాలకు పోనక్కరలేదు. నెల్లూరులో రైలెక్కితే సుమారు మూడు గంటల్లో చేరే చెన్నైలో, ఐఐటీ మద్రాసుకు చెందిన సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ 2024 డిసెంబరులో ‘ధరణి’ అనే మెదడు పటాన్ని అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచింది. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా ఉన్న 5 గర్భస్థ శిశువుల మెదళ్లను 5,132 పలచని పొరలుగా కోసి తీసిన చిత్రాలవి. మీ కాలేజీ కంప్యూటరులోనే వాటిని చూడవచ్చు. బోలును ఆనుకుని మూలకణాలు కిక్కిరిసి ఉన్న ముదురు రంగు పట్టీ స్పష్టంగా కనిపిస్తుంది. మీరు కోడిపిండంలో చూసిన గోడే అది. పెద్దల మెదడులో ఉండే సుమారు 8,600 కోట్ల నాడీకణాలకు అదే పుట్టిల్లు.

ప్రశ్న: నాకు పెళ్లయి ఆరు నెలలైంది. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకోమని డాక్టరమ్మ రాసిచ్చారు. కడుపు నిలిచాక చూద్దాములే అని మా అత్తయ్య అంటున్నారు. ఇంట్లో తోటకూర, శనగలు ఎప్పుడూ ఉంటాయి, అవి చాలవా?
(గృహిణి, ఒంగోలు)

సమాధానం: అమ్మా, మీ డాక్టరమ్మ చెప్పినదే సరైనది. పై సమాధానంలో చెప్పిన గొట్టం మొదట గొట్టంగా ఉండదు, చాపలా పరిచి ఉండి, రెండు అంచులూ లేచి, కలిసి, మూసుకుంటుంది. ఫలదీకరణ జరిగిన 28వ రోజుకల్లా ఈ పని పూర్తి కావాలి. అప్పటికి నెల తప్పి రెండు వారాలే అయి ఉంటుంది, చాలామందికి గర్భం సంగతి ఇంకా రూఢి కూడా కాదు. పై కొస మూసుకోకపోతే మెదడు, పుర్రె ఏర్పడవు, ఆ బిడ్డ బతకదు. కింది వైపు మూసుకోకపోతే వెన్నులో చీలికతో పుట్టి, కాళ్లు చచ్చుబడవచ్చు. మీ అత్తయ్య చెప్పినట్లు కడుపు నిలిచిందని తెలిశాక మొదలుపెడితే, చాలాసార్లు ఆ గడువు దాటిపోయి ఉంటుంది.

ఇంతకు ముందు ఇటువంటి బిడ్డ పుట్టిన తల్లులపై బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నడిపి 1991లో ప్రకటించిన అధ్యయనంలో, ఫోలిక్ యాసిడ్ తీసుకున్నవారిలో ఈ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భానికి కనీసం ఒక నెల ముందు నుంచి మూడో నెల నిండేవరకు తీసుకోవాలి. మూర్ఛకు మందులు వాడేవారికి, ముందు కాన్పులో ఈ లోపం వచ్చినవారికి మోతాదు ఎక్కువ కావాలి కాబట్టి అది డాక్టరు చెప్పినట్లే నడవాలి. ఫోలిక్ అన్న మాట లాటిన్‌లో ఆకుకు ఉన్న పేరు నుంచే వచ్చింది. తోటకూర, పాలకూర, మీ జిల్లా చేలల్లో పండే శనగలు, పెసలు అన్నింటిలోనూ ఇది ఉంది, మానవద్దు. అయితే ఉడికించినప్పుడు చాలా భాగం నశిస్తుంది, మిగిలినదీ ఒంటికి పూర్తిగా పట్టదు. అందుకని కూర మాత్రకు బదులు కాలేదు. ఈ మాత్రను ప్రయోగశాలలో తయారుచేసే మార్గాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కనిపెట్టిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అని మీ అత్తయ్యకు చెప్పండి, ఆమెకు సంతోషం కలుగుతుంది.

ప్రశ్న: నా కొడుకుకు ఆరేళ్లు. కాన్పు కష్టమై, పుట్టగానే ఏడవలేదు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేని స్థితి, అన్నారు. ఇప్పటికీ సొంతంగా నిలబడలేడు, కాని నేను చెప్పినదంతా అర్థం చేసుకుంటాడు. ఒక పెద్ద నగరంలోని క్లినిక్ వారు వాడి తుంటి ఎముక మూలుగ తీసి, అందులోని మూలకణాలను, అంటే స్టెమ్‌సెల్స్‌ను వెన్నులోకి ఎక్కిస్తే కొత్త నాడీకణాలు పుట్టి నడుస్తాడని చెప్పారు. మూడు విడతలకు నాలుగు లక్షలు అడిగారు. మాకున్న అరెకరం అమ్మడానికి బేరం కుదిరింది. మీ వ్యాసం చదివాక ఆగి రాస్తున్నాను. ఏం చేయమంటారు?
(ఒక తల్లి, సింగరాయకొండ)

సమాధానం: అమ్మా, ఆ బేరం ఆపండి. ఈ మాట తొందరపడి చెబుతున్నది కాదు. కారణాలన్నీ మీ ముందు పెడతాను, ఇంట్లో పెద్దవారికి కూడా చదివి వినిపించండి.

మూలుగలోని మూలకణాలు రక్తాన్ని పుట్టించేవి, వాటితో పాటు ఉండే మరో రకం ఎముక, కొవ్వు, మృదులాస్థి కాగలవి. అవి శరీరంలోకి వెళ్లి మెదడులో నాడీకణాలుగా మారి, తెగిన దారులను తిరిగి కలిపాయని ఇంతవరకు రుజువు కాలేదు. మూలకణం అన్న పేరు ఒకటే కాని, వరి విత్తనం చల్లి మామిడి మొక్క కోసం చూడలేము కదా.

సరే, నిజమైన నాడీ మూలకణాన్నే ఎక్కించారనుకుందాము. అప్పుడైనా అది పుట్టిన చోటు, పుట్టిన వేళ కలిస్తేనే తగిన నాడీకణం అవుతుంది. 1991లో సూజన్ మెకానల్ ఫెరెట్ అనే ముంగిసవంటి జంతువులలో చేసిన ప్రయోగం ఈ సంగతిని కళ్లకు కట్టింది. అడుగు అంతస్తుల నాడీకణాలు పుట్టే వేళలో ఉన్న కణాలను తీసి, పై అంతస్తులు కడుతున్న మెదడులో నాటారు. చివరి విభజన ఇంకా పూర్తి కాని కణాలు కొత్త చోటి మాట విని పై అంతస్తుకు వెళ్లాయి. ఆ విభజన దాటిన కణాలు ఎంత కొత్త చోట ఉన్నా తమ పాత అంతస్తుకే దిగాయి. అంటే కొన్ని గంటల తేడా ఆ కణం భవితవ్యాన్ని నిర్ణయించింది. మీ బాబు మెదడులో నాడీకణాలు పాకి వెళ్లిన తల్లి పోగులు పుట్టిన కొద్ది కాలానికే అంతరించాయి. ఇప్పుడు వెన్ను నీటిలోకి ఎక్కించిన కణానికి దారి చూపేది అక్కడ ఏదీ లేదు.

దారి లేని కణాలు ఊరికే ఉండిపోతాయని కూడా భరోసా లేదు. ఇజ్రాయెల్‌కు చెందిన ఒక బాలుడికి నాడీ సంబంధమైన జన్యువ్యాధి ఉంటే, తల్లిదండ్రులు అతన్ని మాస్కో తీసుకుపోయి గర్భస్థ పిండాల నుంచి తీసిన నాడీ మూలకణాలను ఎక్కించారు. మొదటి విడత జరిగిన నాలుగేళ్లకు మెదడులోను, వెన్నులోను కంతులు కనిపించాయి. అవి దాతల కణాల నుంచే పెరిగినవని పరీక్షల్లో తేలింది. ఈ సంగతి 2009లో వైద్య పత్రికలో వెలువడింది. ఆ తల్లిదండ్రులు కూడా మీలాగే బిడ్డ మీది ప్రేమతోనే వెళ్లారు.

భారత వైద్య పరిశోధన మండలి 2017లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలుగ మార్పిడి తప్ప మరే మూలకణ చికిత్సా మన దేశంలో ఆమోదిత వైద్యం కాదు. మిగతావి అనుమతి పొందిన పరిశోధనలో భాగంగానే జరగాలి. అలాంటి పరిశోధన అయితే కేంద్ర ప్రభుత్వ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఉంటుంది, నైతిక సంఘం ఆమోదం ఉంటుంది, పాల్గొన్నవారి దగ్గర డబ్బు వసూలు చేయరు. ఆ క్లినిక్ వారిని నమోదు సంఖ్య కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. నాలుగు లక్షలు అడిగారంటేనే సగం జవాబు దొరికింది.

నిజమైన పరిశోధన ఎక్కడా జరగడం లేదని నేను అనడం లేదు. షిన్యా యమనక 2006లో ఎలుక చర్మకణాలను, 2007లో మనిషి చర్మకణాలను వెనక్కి నడిపించి మూలకణాలుగా మార్చే పద్ధతి కనుగొన్నాడు, దానికి 2012లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పద్ధతిలో తయారైన కణాలనే క్యోటో విశ్వవిద్యాలయ వైద్యులు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే నాడీకణాలయ్యే దాకా పెంచి, పార్కిన్సన్స్ వ్యాధి ఉన్న 7 మంది మెదళ్లలో సరిగ్గా కావలసిన చోట నాటారు. కణాలు బతికి డోపమైన్ తయారు చేశాయని, కంతులు రాలేదని 2025లో ప్రకటించారు. అక్కడ లోపించినది ఒక రకం కణం, నాటవలసినది ఒక చోట. సెరిబ్రల్ పాల్సీలో దెబ్బతిన్నవి అనేక రకాల కణాలు, వాటి మధ్య పొడవాటి దారులు. అందుకే అది ఇంకా చాలా కష్టమైన సమస్య.

మీ ఉత్తరంలో ఒక వాక్యాన్ని నేను రెండుసార్లు చదువుకున్నాను: వాడు చెప్పినదంతా అర్థం చేసుకుంటాడు. ఆరేళ్ల వయసులో మెదడులో అధిక భాగంలో కొత్త నాడీకణాలు పుట్టకపోయినా, ఉన్నవాటి మధ్య లింకులు రోజూ మారుతూనే ఉంటాయి, వాటిని మలిచేది అలవాటు, అభ్యాసం. బాబుకు ఇప్పుడు కావలసినవి క్రమం తప్పని ఫిజియోథెరపీ, కండరాల బిగుతు తగ్గించే వైద్యం, తుంటి కీలు జారకుండా ఏటేటా ఎక్స్‌రే పరీక్ష, మాట కోసం స్పీచ్ థెరపీ, నిలబడడానికి ఊతమిచ్చే పరికరాలు, అన్నిటికంటే ముందు బడి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదల లోపాలను ఉచితంగా చూస్తారు. మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు, ఫిజియోథెరపీ రెండూ అందుతాయి. మీ మండల విద్యాధికారి కార్యాలయంలో అడిగితే వివరాలు చెబుతారు. అరెకరం బాబు పేరునే ఉండనివ్వండి.

ప్రశ్న: వయసు 71. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు, పుట్టిన తరువాత మెదడులో కొత్త కణాలు పుట్టవు, ఉన్నవి చావడమే అని పాఠం చెప్పాను. ఇప్పుడు పుడతాయంటున్నారు. ఏది నిజం? మరొక మాట: నేత్రదానానికి అంగీకార పత్రం ఇచ్చాను, ఈ ముసలి మెదడు కూడా ఎవరికైనా పనికొస్తుందా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, బుచ్చిరెడ్డిపాళెం)

సమాధానం: మాస్టారూ, మీరు చెప్పిన పాఠం ఆనాటి శాస్త్రమే. నాడీకణాల రూపాన్ని లోకానికి చూపిన రమోన్ ఇ కహాల్ అంతటివాడి అభిప్రాయం కూడా అదే. 1965లో అమెరికాలో జోసెఫ్ ఆల్ట్‌మన్, మన దేశానికి చెందిన గోపాల్ దాస్ కలిసి, పుట్టిన తరువాత కూడా ఎలుకల హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాలు వస్తున్నాయని చూపితే చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1992లో రేనాల్డ్స్, వైస్ పెద్ద ఎలుకల మెదడు నుంచే మూలకణాలను వేరుచేసి గిన్నెలో పెంచాక గాని వాదన మారలేదు.

మనిషి విషయంలో మాత్రం వాదం ఇంకా సద్దుమణగలేదు. 1950లు, 60లలో ఆకాశంలో జరిపిన అణు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 పెరిగి, తిండి ద్వారా అందరి డీఎన్‌ఏలోకీ చేరింది. దాని పాళ్లను బట్టి నాడీకణాల వయసు లెక్కగట్టిన స్వీడన్ పరిశోధకులు, పెద్దవారిలో ఒక్కొక్క వైపు హిప్పోకాంపస్‌లో రోజుకు సుమారు 700 నాడీకణాలు పుడతాయని 2013లో ప్రకటించారు. 2018లో అమెరికా బృందం ఒకటి, పదమూడేళ్లు దాటినవారి మెదళ్లలో తమకు ఒక్కటి కూడా కనిపించలేదంది. 2019లో మాడ్రిడ్ బృందం 87 ఏళ్ల వృద్ధుడిలో కూడా వేల సంఖ్యలో లేత నాడీకణాలు ఉన్నాయని, అల్జీమర్స్ రోగులలో అవి తగ్గాయని చూపింది. 2025లో స్వీడన్ వారే పెద్దవారి హిప్పోకాంపస్‌లో విభజన చెందుతున్న మూలకణాలను జన్యు గుర్తుల ద్వారా పట్టుకున్నారు. కొందరిలో చాలా, కొందరిలో దాదాపు లేనే లేవు. నా మట్టుకు, మనిషిలో ఇవి పుడతాయనే వైపే సాక్ష్యం మొగ్గుతోందని అనిపిస్తుంది. అయితే 8,600 కోట్లతో పోలిస్తే రోజుకు 700 అన్నది చాలా చిన్న సంఖ్య. కార్టెక్స్‌లో పుడుతున్నట్లు నిదర్శనం లేదు, కాబట్టి మీ పాఠం మెదడులో అధిక భాగానికి ఇప్పటికీ చెల్లుతుంది.

ఇక మీ రెండో ప్రశ్నకు జవాబు ఈ వాదంలోనే ఉంది. మాడ్రిడ్ వారు గమనించినది ఏమిటంటే, మరణానంతరం తీసిన మెదడును భద్రపరిచే ద్రావణంలో అవసరానికి మించి ఎక్కువసేపు ఉంచితే, లేత నాడీకణాలను గుర్తించే ప్రోటీను రంగు పట్టదు. ఎవరికి కనిపించాయి, ఎవరికి కనిపించలేదు అన్న తేడాకు కొంత కారణం అదే కావచ్చు. అందుకే జాగ్రత్తగా, సకాలంలో తీసి భద్రపరిచిన మెదడు, అందులోనూ మతిమరుపు జబ్బులేని వృద్ధుడి మెదడు, పరిశోధకులకు ఎంతో అవసరం. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థలో మానవ మెదడు బ్యాంకు ఉంది. వారికి ముందుగా ఉత్తరం రాసి, నెల్లూరు వంటి దూరపు ఊరి నుంచి ఎలా వీలవుతుందో, ఎన్ని గంటల్లో చేరాలో తెలుసుకోండి. మీరు ఇప్పుడు ఎన్ని పత్రాల మీద సంతకం పెట్టినా, ఆ రోజున అంగీకారం చెప్పవలసింది మీ దగ్గరివారే. కాబట్టి ఆ ఉత్తరం రాసేటప్పుడే మీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి.